బ్లూబెల్ పూల ఫోటోలు ఊదాగా, పల్చగా వస్తున్నాయి. ఏం చేయాలి?

వానతెర (రెడింగ్):
నమస్తే అండీ. ఏప్రిల్ చివర్లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌రిడ్జ్ ఎస్టేట్‌కి, అక్కడి డాకీ వుడ్ అనే అడవిలో బ్లూబెల్స్ (గంటల్లాంటి నీలం అడవిపూలు) ఫోటోలు తీయడానికి వెళ్తున్నాం. నిరుడు వేరే అడవిలో తీసినవన్నీ ఊదారంగుకి తిరిగాయి. కంటికి తివాచీ పరిచినట్టున్న పూలు ఫోటోలో అక్కడొకటి ఇక్కడొకటిగా కనిపించాయి. 24-70, 70-200 ఎం.ఎం. జూమ్ లెన్సులున్నాయి. పూల మధ్యలోకి దిగి తీస్తే నయమా?

అడవిబాట:
దయచేసి దిగకండి, ముందు ఆ మాట చెప్పనివ్వండి. బ్లూబెల్ ఆకు నలిగితే మొక్క తిండి తయారుచేసుకోలేదు, నేలలో దుంప చిక్కిపోతుంది. తొక్కిన చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంగ్లండ్‌లో కనీసం 1600 నుంచి అడవిగానే ఉన్న నేలని ప్రాచీన అడవి అంటారు. అలాంటి అడవిలో పూసే తెల్లపూల మొక్క వుడ్ అనెమొనీ అయితే వందేళ్లకు ఆరడుగులు పాకుతుందని లెక్క. అలాంటి నేల మీద కాలు పెట్టడానికి నాకు మనసొప్పదు.

అసలు మంచి ఫోటో బాట మీద నుంచే వస్తుంది. 70-200ని 200 దగ్గర పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, పూల తలలకు కొంచెం పైనుంచి తీయండి. వెనక గుత్తులు ముందువాటికి దగ్గరగా జరిగినట్టై ఖాళీలు మూసుకుపోతాయి. నిలబడి కిందికి తీస్తే మధ్యలో మట్టి కనబడుతుంది, మీకొచ్చిన పల్చదనం బహుశా అదే.

రంగుకి ఆటో వైట్ బ్యాలెన్స్‌ని (కెమెరా తనంతట తానే రంగులు సరిచేయడాన్ని) నమ్మకండి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీసి, తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పర్పుల్ రంగు స్లైడర్ ఒక్కటే నీలం వైపు జరపండి. వాన పడ్డాక పోలరైజర్ (లెన్సు ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పితే ఆకుల మీద తెల్ల మెరుపు పోయి పచ్చదనం తేలుతుంది. బ్లూబెల్స్‌కి నేను మబ్బు రోజే ఎంచుకుంటాను. అనెమొనీలకి మాత్రం ఎండ ఉండాలి, మబ్బు పడితే ముడుచుకుంటాయి.

చెట్టునీడ:
క్లోజప్ తీసేటప్పుడు కాడ చూడండి. ఇక్కడి బ్లూబెల్ కాడ ఒక పక్కకి వంగి, పూలన్నీ అటే వేలాడతాయి. పుప్పొడి మీగడ రంగు. తోటల నుంచి వచ్చిన స్పానిష్ రకం నిటారుగా ఉంటుంది, పుప్పొడి నీలం.

వానతెర:
చాలా థాంక్స్ అండీ. ట్రైపాడ్ తేవచ్చా?

అడవిబాట:
జనం తక్కువున్న రోజైతే తెండి, కాళ్లు మూడూ బాట మీదే ఉండాలి. సీజన్‌లో వీకెండ్ టికెట్ సంగతి ఆ ఎస్టేట్ చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సైట్‌లో చూసుకుని బయల్దేరండి.