అమ్మానాన్న పులికాట్ ఒడ్డున ఇద్దరే ఉన్నారు, ఫోన్ చేస్తే "బాగుండాం" అంటారు, నమ్మొచ్చా?

చెన్నై అమ్మాయి (మే 2020)

మా అమ్మానాన్న సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున పాత ఇంట్లో ఉన్నారు. నాన్న రిటైరై చాలా కాలమైంది. ఆయనకి బీపీ, అమ్మకి షుగర్. మామూలు రోజుల్లో శనివారం మధ్యాహ్నం లోకల్ ఎక్కితే చీకటి పడేలోపు ఇంట్లో ఉండేదాన్ని. మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు ఆగిన రైళ్ళు ఇంకా లేవు, రోడ్డున పోదామంటే రాష్ట్ర సరిహద్దులో తడ చెక్‌పోస్టు. ఉన్నది 80 కిలోమీటర్లే, అయినా పోలేకపోతున్నా.

ఫోన్ చేస్తే ఒకటే మాట, "మేం బాగుండాం, నువ్వు కోయంబేడు మార్కెట్ వైపు పోబాక". పగలంతా ఏం చేస్తున్నారంటే "ఏముంది, కూర్చోని ఉండాం". లాక్‌డౌన్ పాస్ తీసుకుని వెళ్ళి తెచ్చేద్దామని మా ఆయన, కదిలించొద్దని మా అన్న. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎలా గడుపుతున్నారు? లోపల దిగులు పెట్టుకున్నారేమో ఎలా కనిపెట్టాలి?

రిటైర్డ్ మాస్టారు

అమ్మాయీ, మాదీ ఆ పక్కే, శ్రీహరికోట రోడ్డుకి కాస్త లోపల. నేనూ మా ఆవిడా ఇద్దరమే, పిల్లలు ఒకడు పూణె, ఒకతి డాలస్. మీ నాన్న కూర్చోని ఉండాం అన్నాడంటే అబద్ధం కాదు, కాకపోతే ఆ కూర్చోవడంలో బోలెడు పని ఉంటుంది, చెబితే పిల్లలు నవ్వుతారని చెప్పం.

ఆమె కళ్ళాపి చల్లి ముగ్గేసేలోపు నేను ఒడ్డుదాకా పోయొస్తా. ఎండాకాలం ఇటువైపు నీళ్ళెక్కడివి, నీకు తెలిసిందేగా, నేల బీటలిచ్చి పైన ఉప్పు తెల్లగా పేరుకుంది, పడవలు ఒకపక్కకి ఒరిగి ఉన్నాయి. చలికాలం వచ్చిన ఫ్లెమింగోలు చాలావరకు వెళ్ళిపోయాయి, దూరంగా నీళ్ళు మిగిలిన చోట కాసిని ఉన్నాయి, కళ్ళజోడు తుడుచుకుని చూస్తే కనిపిస్తాయి. పొద్దున్నే వరసగా పోయే షార్ (రాకెట్ కేంద్రం) బస్సులు బాగా తగ్గిపోయాయి, ఆ రోడ్డు మీద ఇప్పుడు బర్రెలదే రాజ్యం. మార్చి మొదట్లో పోవాల్సిన రాకెట్ వాయిదా పడింది, ఆ తర్వాత ఇంకోటి లేదు. మిద్దెక్కి రాకెట్ చూడటం మాకు పండగ, ఈ ఏడు ఇంతవరకూ అదీ లేదు. ఉగాది కూడా సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజే వచ్చింది కదా, పచ్చడి చేసుకుని ఇద్దరమే తిన్నాం.

ఈ నెల ఆవకాయ పెట్టాం. ఏటా కాయలు కొట్టిచ్చే మనిషి రాలేదు, నేనే కత్తి పట్టా. టెంకతో సహా తెగాలి, నాకు తెగదు. రెండు కాయలు చూసి మా ఆవిడ కత్తి లాక్కుని నాకు తుడిచే పని ఇచ్చింది. ముక్కకి లోపలుండే జీడి తీసి, టెంకని అంటుకున్న పల్చటి పొర గోటితో లాగి, పాత పంచె ముక్కతో ఒక్కొక్కటీ తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే బూజు పడుతుందని ప్రతి ముక్కా ఆమె మళ్ళీ తిప్పి చూసేది, ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన డీఈఓ దగ్గర కూడా నేనంత భయపడలేదు. మధ్యాహ్నమంతా అదే పని, పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. పిల్లల వాటా వేరే జాడీల్లో వాసెన కట్టి పెట్టాం. ఆ జాడీలు చూసినప్పుడు మాత్రం కొంచెం దిగులే, దాచేదేముంది.

అందుకని "బాగున్నారా" అని అడగబాక. ఏం కూర, బీరకాయలు ఎట్టా ఇచ్చాడు, కరెంటు ఎంతసేపు పోయింది, ఇవి అడుగు. విసుక్కుంటూనైనా చెప్తున్నారంటే బాగున్నట్టే. కూర సంగతి కూడా ముక్తసరిగా తేల్చేస్తే అప్పుడు ఆలోచించు.

మందుల షాపు, గూడూరు

మాస్టారు బాగా చెప్పారు గానీ అసలు సంగతి మాత్రలు. అయిపోతాయేమోనని రోజు మార్చి రోజు వేసుకునేవాళ్ళని, సగం విరిచి వేసుకునేవాళ్ళని కౌంటర్లో రోజూ చూస్తున్నా. పిల్లలకి మాత్రం చెప్పరు, టెన్షన్ పడతారని. వీడియో కాల్‌లో స్ట్రిప్పు చూపించమనండి మేడమ్, మాటతో నమ్మొద్దు. చెన్నై తీసుకెళ్ళడానికి నేనైతే ఒప్పుకోను. నెల్లూరూ కరోనా రెడ్ జోనే, కాదనను, కానీ ఒడ్డున విడి ఇంట్లో ఉన్నవాళ్ళని తీసుకెళ్ళి అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎక్కిస్తారా?

తడ కుర్రోడు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. మా నాన్నకీ అరవై దాటాయి, అదే సరస్సులో వలేసి బతికాడు, ఆయనకి రిటైర్మెంట్ అనేది లేదు. మార్చి ఆఖర్లోనే పీతలు, రొయ్యలు కొనే ఏజెంటు రావడం మానేశాడు, ఎగుమతి లేదంట. మడవ చేపలు పడితే ఊళ్ళోనే వచ్చినకాడికి అమ్మడం, మిగిలితే మా అమ్మ ఎండబెట్టడం. రోడ్డు మీద బస్సుల్లేవు, ప్రశాంతంగా ఉందని మీరంటే బాగానే ఉంది, బస్సుల్లేకే మా సరుకు కదల్లేదు. పెన్షన్ ఉన్నోళ్ళ లాక్‌డౌన్ వేరు.

రిటైర్డ్ మాస్టారు

నిజమే అబ్బాయ్, కాదనలేను. మార్చి పెన్షన్ సగమే పడితే మా ఆవిడ కాగితం పెట్టుకుని లెక్కలేసింది, సగమైనా పడింది గదా అన్నదీ ఆమే. మీది ఏ పాళెం? మడవలుంటే చెప్పు, పులుసులోకి మామిడికాయలున్నాయి. రేటు మాత్రం నువ్వు చెప్పిందే, మాస్టారని తగ్గించబాక.

చెన్నై అమ్మాయి

అందరికీ థాంక్స్. స్ట్రిప్పు చూపించమంటే అమ్మ ముందు కెమెరా పనిచేయట్లేదంది. గట్టిగా అడిగితే బయటపడింది, షుగర్ మాత్రలు ఉన్నాయి, నాన్న బీపీవి అయిపోయి నాలుగు రోజులు. ఊరి వాలంటీర్ అబ్బాయిని బతిమాలి సూళ్లూరుపేట నుంచి తెప్పించా. తర్వాత కూర సంగతి అడిగితే అమ్మ ఆపకుండా మాట్లాడింది, సగం నాన్న మీద కంప్లెయింట్లే, పాస్ ఆలోచన మానేశాం. మందుల షాపు అన్నా, ఒకటి చెప్పండి, మానేసిన రోజులవి కూడా కలిపి వేసుకోనా అని నాన్న అడుగుతున్నాడు.

మందుల షాపు, గూడూరు

అయ్యో, అస్సలు వద్దు! కలిపి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రోజూ వేసుకునే డోసే, అదే టైముకి. నాలుగు రోజులు గ్యాప్ వచ్చింది కాబట్టి ఇవాళే బీపీ చూపించి, ఎంతుందో మందులు రాసే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పమనండి.