థైరాయిడ్ డోసు పెంచుతూ పోతున్నారు, టీఎస్‌హెచ్ మాత్రం దిగట్లేదు

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్తే. నాకు 38 ఏళ్లు. పోయిన దసరాకి ముందు విపరీతమైన నీరసం, దువ్వెన నిండా జుట్టు, ఇంట్లో అందరికీ ఉక్కపోస్తుంటే నాకొక్కదానికే చలి. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తంలో పెరిగేది) 18 వచ్చింది, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద పడే యాంటీబాడీలు) కూడా ఎక్కువే. థైరాక్సిన్ బిళ్ళ 50 మైక్రోగ్రాములది మొదలుపెట్టారు, రెండు నెలలకి 11కి దిగింది, 75 చేశారు, మొన్న చూస్తే 9.4. ఇప్పుడు 100 వేసుకోమంటున్నారు. ఒక్క రోజు కూడా మానలేదండి, అదే నా బాధ. డోసు పెరిగితే గుండెదడ వస్తుందంటారు కదా, అదొక టెన్షన్. మా ఆడబిడ్డేమో ఈ బిళ్ళలు ఆపేసి ఆకు మందు వాడితే మూడు నెలల్లో మొత్తం పోతుందంటోంది. డాక్టర్‌ని మార్చాలా, మందే మార్చాలా?

జవాబు 1 (పన్నెండేళ్లుగా ఇదే బిళ్ళ వాడుతున్నాను)

అక్కా, ముందు ఇది చెప్పండి, బిళ్ళ వేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ తాగుతారు? గ్యాస్ బిళ్ళ వాడుతున్నారా? క్యాల్షియం, ఐరన్ ఉన్నాయా? నాకు 50 నుంచి 125 దాకా పెంచారు, రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లూ నేను బిళ్ళ మింగిన చేత్తోనే కాఫీ గ్లాసు పట్టుకునేదాన్ని, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ మందు పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకోవాలి, తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ ముట్టకూడదు. క్యాల్షియం, ఐరన్ అయితే నాలుగు గంటలు ఆగాలి, లేకపోతే అవి మందుని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. పొద్దున హడావిడిలో కుదరదంటే, రాత్రి తిన్న మూడు గంటలకి పడుకునే ముందు వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి, చాలామందికి అలా రాస్తారు.

గుండెదడ మాట నిజమే, కానీ అది మోతాదు మించినప్పుడు. 9.4 అంటే మీ ఒంటికి ఇంకా చాలట్లేదని అర్థం.

జవాబు 2 (మెడికల్ షాపులో పని చేస్తాను)

మేడం, ప్రతిసారీ ఒకే కంపెనీ సీసా కొంటున్నారా చూసుకోండి. థైరోనార్మ్ అయినా ఎల్ట్రాక్సిన్ అయినా లోపల మందు ఒకటే, కానీ ఈ మందుకి కొంచెం తేడా కూడా లెక్కే, కంపెనీ మారిస్తే ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించడం మంచిది. సీసా వంటింట్లో పొయ్యి పక్కన పెట్టకండి, వేడికీ తేమకీ పాడవుతుంది. ఇంకోటి, జుట్టుకని బయోటిన్ వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి, కొన్ని ల్యాబుల్లో దానివల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం.

జవాబు 3 (విజయవాడ నుంచి)

దయచేసి ఆపకండి. మా అమ్మ ఎవరో చెప్పారని ఏదో పొడి కోసం ఈ బిళ్ళ మానేసింది. నాలుగు నెలలకి మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోయేది. టీఎస్‌హెచ్ 60 దాటింది. మీకు యాంటీ టీపీఓ ఎక్కువంటున్నారు, అంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తోంది, అది చేయలేని హార్మోన్‌నే బిళ్ళగా ఇస్తున్నారు, అంతే తప్ప ఇదేదో ఒంటికి కొత్త పదార్థం కాదు. మా అమ్మకి టీఎస్‌హెచ్ సర్దుకున్నాక కూడా నీరసం పోలేదు, చూస్తే బీ12 బాగా తక్కువుంది. మీరూ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బీ12 చూపించుకోండి.

ప్రశ్న అడిగినామె

చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండేళ్లుగా పొద్దున్నే గ్యాస్‌కి పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను, థైరాయిడ్ బిళ్ళతో కలిపే. పది నిమిషాల్లో కాఫీ. టిఫిన్ అవగానే క్యాల్షియం. ఇవేవీ డాక్టర్‌కి చెప్పలేదు, అడగలేదు కూడా. మరి ఇప్పుడు 100 మొదలుపెట్టాలా వద్దా?

జవాబు 1

వెంటనే ఫోన్ చేసి ఇదంతా ఆయనకే చెప్పండి అక్కా. వేసుకునే పద్ధతి సరిచేసి, డోసు కూడా పెంచితే ఒక్కసారిగా ఎక్కువైపోవచ్చు, మీరు భయపడే దడ అప్పుడొస్తుంది. ముందు 75 మీదే ఆరు నుంచి ఎనిమిది వారాలు చూద్దామా అని అడగండి. గ్యాస్ బిళ్ళ ఇంకా అవసరమా అన్నదీ ఆయన్నే అడగండి, మీ అంతట మీరు ఆపకండి. ఈసారి రక్తం పొద్దున్నే ఇచ్చి, ఆ తర్వాతే బిళ్ళ వేసుకోండి. రిపోర్టు వచ్చాక ఎంతుందో ఇక్కడ రాయండి.