అప్‌డేట్: కొత్త హెవీ లైసెన్సు, ఏ ఓనరు దగ్గర చేరాలి? (చిత్తూరు)

లారీ నడిపిన అనుభవం లేదు, ట్రిప్పుకు ఎక్కువ ఇస్తానన్న ఓనరు దగ్గర చేరనా అని మూడు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అన్నలందరికీ కృతజ్ఞతలు.

"ముందు బండి కాగితాలు, టైర్లు చూడు" అన్న సలహా నన్ను కాపాడింది. ఆ ఓనరు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరింది. వెనక టైర్లలో తీగలు బయటికి కనిపిస్తున్నాయి. దండం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు ఒక చిన్న ఓనరు దగ్గర రెండో డ్రైవరును. జీతం తక్కువే. కానీ బెంగళూరు నుంచి లోడుతో వస్తూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు, పెద్ద డ్రైవరు పైనే చిన్న గేరు వేయించాడు. "బండిని ఇంజిన్ పట్టుకోవాలి, బ్రేకు కాదు" అన్నాడు. కింద దిగాక చక్రాల బ్రేకు డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూపించాడు. ఈ చదువు ఎక్కువ ఇస్తానన్నవాడి దగ్గర దొరికేది కాదు.

టాటానా, లేలాండా అని అప్పట్లో తెగ మథనపడ్డాను. ఆ ప్రశ్నతో పనే పడలేదు.