విందు గౌనును మార్చినది పొవారేనా, వియొనేనా?

ప్రశ్న:
ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో పారిస్ స్త్రీల విందు దుస్తులను కార్సెట్ (ఛాతీనీ నడుమునూ బిగించే గట్టి లోదుస్తు) బిగింపు నుంచి విడిపించిన ఘనత దుస్తుల రూపకర్త పాల్ పొవారేదేనని ఒక వ్యాసంలో చదివాను. అదే కాలపు మరో రూపకర్త మదలెన్ వియొనే పేరు అందులో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇది న్యాయమేనా?

కుట్టుపని నేర్పే సభ్యురాలు:
న్యాయం కాదనే నా అభిప్రాయం. 1903లో సొంత సంస్థ తెరిచిన పొవారే, కొన్నేళ్ళకే నడుము బిగించకుండా భుజాల మీది నుంచి వేలాడే గౌనులు తెచ్చిన మాట నిజం. అయితే 1910 ప్రాంతంలో అడుగు సాగనివ్వని ఇరుకు పావడాను ప్రచారంలోకి తెచ్చినదీ ఆయనే. ఛాతీకి విడుదల ఇచ్చి కాళ్ళకు సంకెల వేశానన్న సంగతిని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు. వియొనే కూడా 1907లో జాక్ డూసే దుస్తుల సంస్థలో చేరాక, కార్సెట్ లేని మోడళ్ళను ఉత్త కాళ్ళతో నిలబెట్టి తన దుస్తులు చూపించారు. కనుక ఎవరు ముందన్న లెక్కలో తేడా కొద్దిపాటిదే. అసలు తేడా కత్తెర దగ్గర ఉంది.

క్రాస్ కట్ జాకెట్టుకు గుడ్డను ఐమూలగా ఎందుకు వేస్తారో మన దర్జీలందరికీ తెలుసు. పడుగు వెంట లాగినా పేక వెంట లాగినా సాగని బట్ట మూలకు లాగితే సాగి, ఒంటి వంపును పట్టుకుని నిలుస్తుంది. వియొనే 1920లలో ఈ గుణాన్ని ఏ ఒక్క భాగానికో పరిమితం చేయకుండా, భుజం నుంచి పాదం దాకా గౌను మొత్తానికి విస్తరించారు. కాగితం మీద బొమ్మ గీయడానికి బదులు, చిన్న చెక్కబొమ్మ మీద బట్టను తిప్పి తిప్పి చూసి రూపం తేల్చుకునేవారు. అతుకులు తగ్గాలని మామూలు కంటే వెడల్పైన, క్రేప్ అనే మెత్తని బట్టను ప్రత్యేకంగా నేయించుకున్నారు. అలా, లోపల ఏ దన్నూ లేకుండా, కొన్నిటికి హుక్కు సైతం లేకుండా, తల మీదుగా తొడుక్కునే విందు గౌను సాధ్యమైంది. పొవారే దుస్తుల ఆకారాన్ని మార్చారు. వియొనే బట్టకూ ఒంటికీ ఉన్న సంబంధాన్నే మార్చారు.

చరిత్ర విద్యార్థి:
అమ్మా, ఐమూల కత్తిరింపు ఆమె కనిపెట్టినది కాదు, అంతకుముందే పావడాలకు వాడుకలో ఉంది. పైగా 1930లలో జీన్ హార్లో వంటి హాలీవుడ్ తారలు ధరించిన ఐమూల శాటిన్ గౌను సన్నని ఒంటినే కోరింది. కార్సెట్ చేసే పనిని ఆహార నియమానికి అప్పగిస్తే దాన్ని విముక్తి అనవచ్చునా?

కుట్టుపని నేర్పే సభ్యురాలు:
మొదటి మాట పూర్తిగా ఒప్పుకుంటాను. నేను చెప్పినదీ విస్తరించారనే గాని కనిపెట్టారని కాదు. రెండవ ఆక్షేపణ బరువైనది. ఒంటిని అంటుకునే గౌను లోపాన్ని దాచదు, ఆ భారం ధరించే స్త్రీ మీదే పడుతుంది. అయినా తారల శాటిన్‌ను చూసి వియొనే క్రేప్‌ను తూచడం సరికాదు. శాటిన్ మెరుపు ప్రతి వంపునూ ఎత్తి చూపుతుంది, మెరుపు లేని క్రేప్ గ్రీకు శిల్పాల వస్త్రంలా మడతలుగా జాలువారుతుంది. కాపీలను అడ్డుకోవడానికి ఆమె ప్రతి నమూనాకూ ముందు, వెనుక, పక్క నుంచి ఫోటోలు తీయించి, లేబుల్ మీద తన వేలిముద్ర వేసేవారు. 1939లో సంస్థ మూతపడ్డాక, 1952లో ఆ ఆల్బంలనూ గౌనులనూ భద్రపరచడానికి ఇచ్చివేశారు. మీ ప్రశ్నకు జవాబు వెతకవలసినది హాలీవుడ్ చిత్రాల్లో కాదు, ఆ ఆల్బంలలో.