కంట్రోలర్ బిగించినా ట్రైలర్ బ్రేకులు పట్టట్లేదు, ఎవరైనా పుణ్యం కట్టుకోండి

చక్రవాకం: పొద్దున తొమ్మిదింటికి కారు కింద దూరాను, ఇప్పుడు చీకటి పడింది. ట్రావెల్ ట్రైలర్ లాగడానికి, కారులోంచే దాని బ్రేకులు వేయించే బ్రేక్ కంట్రోలర్ బిగించాను. పెట్టెలో ఇచ్చిన కాగితం చూసే కలిపా, నలుపు బ్యాటరీకి, తెలుపు ఎర్త్‌కి, ఎరుపు బ్రేక్ లైటుకి, నీలం వెనక్కి. ట్రైలర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఇండికేటర్లూ పనిచేస్తున్నాయి, కానీ కంట్రోలర్‌కి మాత్రం అసలు వెనక ట్రైలర్ ఉన్నట్టే తెలియట్లేదు, చేత్తో లీవర్ నొక్కినా చక్రం ఆగదు. కొత్తదే పోయిందంటారా? వాపసు ఇచ్చేయనా?

మీటర్_మామ: బ్రేక్ పిన్ దగ్గర ఓల్టేజీ ఎంత?

చక్రవాకం: మీటర్ లేదన్నా.

మీటర్_మామ: కొనండి.

నిదానమే_ప్రధానం: వైర్ల గొడవ తర్వాత, ముందు బరువు తూచారా? సామానంతా సర్దాక హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గితే వేగం అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, అప్పుడు భయపడి బ్రేక్ తొక్కితే ఇంకా ఊగుతుంది. బరువైనవన్నీ తీసుకెళ్లి వెనక అరలో కుక్కేసి, కంట్రోలర్ ఉందిగా అని ధీమాగా బయల్దేరేవాళ్లని చాలామందిని చూశా.

చక్రవాకం: సార్, మీరన్నది నిజమే, కానీ బ్రేక్ పట్టేదాకా నేను గేటు కూడా దాటను.

పాత_స్పానర్: ట్రైలర్‌వి ఎలక్ట్రిక్ బ్రేకులేనా? కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకి నెట్టే ఒత్తిడితోనే పట్టే సర్జ్ బ్రేకులైతే అసలు ఈ కంట్రోలర్‌తో పనే లేదు. ఎలక్ట్రికే అయితే మీటర్ లేకుండా ఒకటి చూడొచ్చు. కారు నుంచి ప్లగ్ పీకేసి, ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే స్విచ్ పిన్ను లాగండి. ట్రైలర్ బ్యాటరీలో ఛార్జి ఉంటే చక్రాలు బిగుసుకోవాలి. ప్లగ్ ఉండగా మాత్రం లాగొద్దు, కంట్రోలర్ దెబ్బతినొచ్చు.

మీటర్_మామ: మీటరుంటే ఇంత తతంగం అక్కర్లేదు. చక్రానికొకటి చొప్పున బ్రేకులో ఉండే మాగ్నెట్ ఒక్కోటి సుమారు 4 ఓమ్స్, 3 ఆంపియర్లు లాగుతుంది. రెండు ఇరుసులకి నాలుగు మాగ్నెట్లు కాబట్టి ట్రైలర్ ప్లగ్‌లో బ్రేక్ పిన్‌కీ ఎర్త్‌కీ మధ్య 1 ఓమ్ దరిదాపుల్లో చూపాలి. వైరు రంగు నమ్మొద్దు, పిన్ స్థానం చూసుకోండి.

ఓమ్‌కారం: ఎర్త్ కాదండీ, గ్రౌండ్. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి ఎర్త్ ఎక్కడిది?

మీటర్_మామ: గ్రౌండ్ అన్నా భూమేగా మాస్టారూ. ఏ మెకానిక్‌నైనా అడగండి, ఎర్త్ అనే అంటాడు.

ఓమ్‌కారం: అందుకే పెయింటు కూడా గీకకుండా బాడీకి ఎక్కడ పడితే అక్కడ స్క్రూ బిగిస్తారు. కంట్రోలర్ తెలుపు వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే వెళ్లాలి.

చక్రవాకం: పిన్ను లాగి, జాకీ మీద ఎత్తి తిప్పి చూశా, నాలుగు చక్రాలూ బిగుసుకుపోయాయి! ప్లగ్ ఫోటో పెడుతున్నా.

పాత_స్పానర్: అయితే ట్రైలర్‌లో తప్పు లేదు. ఫోటోలో మధ్యన ఆ నల్ల డబ్బా ఏంటి?

చక్రవాకం: అడాప్టరండీ. కారుకి మొదట్నుంచీ నాలుగు పిన్నుల సాకెట్టే, ట్రైలర్‌ది ఏడు. చెప్పలేదా?

పాత_స్పానర్: చెప్పలేదు. ఆ నాలుగూ టెయిల్ లైట్లు, ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, ఎర్త్. బ్రేక్‌కి అందులో చోటే లేదు. మరి నీలం వైరు ఎక్కడిదాకా తెచ్చారు?

చక్రవాకం: బంపర్ వెనకదాకా తెచ్చి, చివర టేపు చుట్టి వదిలేశా. మిగతాది అడాప్టర్ చూసుకుంటుందనుకున్నా...

పాత_స్పానర్: ఏడు పిన్నుల సాకెట్ వేసి నీలాన్ని బ్రేక్ పిన్‌కి కలపండి. ఆ నాలుగు పిన్నుల వైరింగ్‌లోని సన్నటి తెలుపు వైరు మీద 12 ఆంపియర్లు నడపకండి, వేడెక్కుతుంది, లావు వైరు వేయండి. నలుపు వైరుకి బ్యాటరీ దగ్గరే, కరెంటు ఎక్కువైతే తెంచేసే సర్క్యూట్ బ్రేకర్ పెట్టండి, నాలుగు బ్రేకులకి 20 ఆంపియర్లది చాలు.

ఓమ్‌కారం: ఆ తెలుపు వైరునే గ్రౌండ్ అంటారు.

చక్రవాకం: సాకెట్ మార్చా, లీవర్ నొక్కగానే టక్కున పట్టేస్తోంది. అందరికీ థాంక్స్. కాకపోతే ఎడమ ఇండికేటర్ వేస్తే దాంతోపాటే ట్రైలర్ బ్రేకు కూడా పట్టి వదుల్తూ ఉంది, ఇది మామూలేనా?

మీటర్_మామ: ఎరుపు కలిపింది పెడల్ దగ్గరి స్విచ్‌కా, వెనక లైటు వైరుకా?

నిదానమే_ప్రధానం: ఇంతకీ హిచ్ బరువు తూచారా?