42 మంది స్టాఫ్‌కు డెవలప్‌మెంట్ ప్లాన్ రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

హన్మకొండ_అడ్వైజర్:
అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర కార్ల సర్వీస్ సెంటర్‌లో ఆరేళ్ళుగా సర్వీస్ అడ్వైజర్‌ని, దసరా తర్వాత హెచ్ఆర్ కూడా నువ్వే చూడమన్నారు. ఏడాదిలో తొమ్మిది మంది మెకానిక్‌లు పోయారు, అందరూ ఐటీఐ అయ్యి వచ్చి, మా దగ్గర చెయ్యి తిరిగాక ఉప్పల్‌కో ఎల్బీ నగర్‌కో వెళ్ళినవాళ్ళే. ప్రతి ఒక్కరికీ డెవలప్‌మెంట్ ప్లాన్, అంటే ఎవరు ఏం నేర్చుకుని ఎట్లా ఎదగాలో రాసిన కాగితం, ఉంటే ఆగుతారని మా ఓనర్‌కు ఎవరో చెప్పారట, నెలాఖరుకు ఫైల్ కావాలన్నారు. నెట్‌లో దొరికిన ఫారం పంచితే, "అయిదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు" అన్న గడిలో ఒకతను "నర్సంపేటలో, మా ఇంట్లో" అని రాశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాజీపేట_పాతకాపు:
ఆ పిల్లోడు నిజం రాసిండు తమ్మీ, ఫారమే తప్పు. ముందు మీ షెడ్డులో ఏ పని తర్వాత ఏ పని వస్తదో గోడ మీద రాయి. వాషింగ్, ఆయిల్ సర్వీస్, తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్, పైన స్కానర్ పెట్టి ఫాల్ట్ పట్టడం. ఒక్కో మెట్టు పక్కన ఎవరి సాయం లేకుండా ఎన్ని బండ్లు చేస్తే ఎక్కినట్టో, ఎక్కితే జీతం ఎంత పెరుగుతదో రాయి. జీతం అంకె లేకపోతే అది ప్లాన్ కాదు, క్యాలెండర్ బొమ్మ. హెచ్ఆర్‌వాళ్ళు 70-20-10 అంటుంటరు, నేర్చుకునేదాంట్లో డెబ్బై పాళ్ళు పని మీద, ఇరవై పక్కవాళ్ళ దగ్గర, పది క్లాసులో అని. 1980లలో అమెరికాలో మేనేజర్లను అడిగి చెప్పిన లెక్క అది, కొలిచింది కాదు, కానీ షెడ్డులో పనిచేసినోడికి అందులో కొత్తేం లేదు.

వరంగల్_ఓనర్:
ఇంత కథ ఎందుకు, ట్రైనింగ్ ఇచ్చి రెండేళ్ళ బాండ్ రాయించుకోండి. పోతే లక్ష కట్టాలి. పక్క షెడ్డులో చేరొద్దని కూడా రాయండి.

లేబర్_లా_అక్క:
ఉద్యోగం మానేశాక పక్క షెడ్డులో చేరొద్దని రాస్తే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు. ఇన్నేళ్ళు పనిచేయాలన్న బాండ్ చెల్లొచ్చు, కానీ మధ్యలో పోతే కాగితం మీద లక్ష ఉందని లక్షా రాదు, సమంజసమైన నష్టపరిహారం వరకే. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే పని మాత్రం వద్దు, నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి. ఇంకోటి తమ్ముడూ, 30 మంది, ఆపైన ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని రూల్ ఉంది, మీ 42 మందికి అది వర్తిస్తుంది. కింది మెట్టుకు మనుషులు అట్లా దొరుకుతారు.

హన్మకొండ_అడ్వైజర్:
అందరికీ థ్యాంక్స్. ఫారాలు వెనక్కి తీసుకుని ఒక్కొక్కరితో టీ కొట్టు దగ్గర మాట్లాడుతున్నా. నర్సంపేట అతను సొంత షెడ్డు పెట్టాలనుకుంటున్నాడట, స్కానర్ నేర్పితే ఇంకో మూడేళ్ళు ఉంటానన్నాడు. ఓనర్ ఏమో నేర్చుకుని పోతాడు కదా అంటారు. నేర్పకపోయినా పోతున్నారు కదా సార్ అన్నాను, కాసేపు ఏం మాట్లాడలేదు. అసలు టెన్షన్ వేరే, స్కానర్ తాళం మా సీనియర్ దగ్గరే ఉంటుంది, పద్నాలుగేళ్ళ సర్వీస్, ఎవరినీ ముట్టనీయడు.

కాజీపేట_పాతకాపు:
ఆయన మెట్టు ఏంటో రాసినవా? పైకి పోయే దారి లేనోడు చేతిలో ఉన్నది ఎందుకు వదులుతడు. ఆయన్ని ఫ్లోర్ ఇన్‌చార్జ్ చెయ్యమను, తయారు చేసిన ఒక్కో మనిషికి ఇంత అని జీతంలో కలపమను. ముందు ఆయన దగ్గరికే పో, గోడ మీద రాసుడు తర్వాత.