చర్చ: మార్మన్ల బహుభార్యాత్వంపై 1879 నాటి తీర్పు సరైనదేనా?

కృష్ణాతీరం:
మార్మన్లు అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ; బహుభార్యాత్వం అప్పట్లో వారికి మతధర్మం. యూటాకు చెందిన జార్జ్ రెనాల్డ్స్ అనే మార్మన్‌కు రెండో పెళ్లి చేసుకున్నందుకు పడిన శిక్షను అమెరికా సుప్రీంకోర్టు 1879లో ఖాయం చేసింది. చట్టం నమ్మకం జోలికి పోదని, ఆచరణను మాత్రం అదుపు చేయగలదని ప్రధాన న్యాయమూర్తి వెయిట్ తేల్చారు. ఆచరించనివ్వని నమ్మకాన్ని మనసులో దాచుకోవడానికి రాజ్యాంగం దయ ఎందుకు?

శరద్రేఖ:
భర్త చితిపై కాలిపోవడమే ధర్మమని ఒక భార్య నమ్మితే ప్రభుత్వం అడ్డుకోకూడదా అని వెయిట్ అదే తీర్పులో అడిగారు. ముందు దానికి జవాబు చెప్పండి.

కృష్ణాతీరం:
సతీసహగమనంలో ప్రాణం పోతుంది, ఇక్కడ ఎవరి ప్రాణం పోయింది? మార్మన్లు రాకముందు బహుభార్యాత్వం దాదాపుగా ఆసియా, ఆఫ్రికా జనాలకే పరిమితమని కూడా ఆ తీర్పు రాసింది; ఆ చూపులోనే అసలు రోగం ఉంది. నేను ఇక్కడి గిడ్డంగిలో పనిచేస్తూ అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు, భక్తి మీ ఇష్టమే గాని బూట్లు లేకుండా లోపలికి రానివ్వమన్నారు. 41 రోజులు జీతం లేని సెలవు పెట్టాను.

బాటసారి:
మాలకూ రెండో పెళ్లికీ పోలిక ఏమిటో నాకు బోధపడలేదు.

శరద్రేఖ:
నాకూ అంతే. బూట్లు వేసుకోకపోతే దెబ్బ తగిలేది మీ కాలికే. రెండో పెళ్లిని నిషేధించిన 1955 హిందూ వివాహ చట్టానికి ముందు మా తాతగారు రెండో ఆమెను తెచ్చిన రోజున, గుమ్మంలో ఎర్రనీళ్లతో దిష్టి తీసి లోపలికి పిలిచింది మొదటి భార్య అయిన మా నాయనమ్మే. ప్రాణం పోలేదు కదా అని మీరు అన్నంత తేలిగ్గా నేను అనలేను.

పాతకాగితం:
మార్మన్లను నిర్మూలించాలి లేదా తరిమేయాలి అని మిసోరీ గవర్నర్ బాగ్స్ ఉత్తర్వు ఇచ్చింది 1838లో. వారు బహుభార్యాత్వాన్ని బహిరంగంగా ప్రకటించింది 1852లో. అంటే వారిపై కక్ష అంతకు ముందే ఉంది. ఆ ఉత్తర్వును రద్దు చేసింది 1976లో!

కృష్ణాతీరం:
శరద్రేఖ గారూ, మీ నాయనమ్మగారి బాధను నేను తక్కువ చేయడం లేదు, కానీ ఆమె పేరు చెప్పి అమెరికా ప్రభుత్వాన్ని వెనకేసుకు రాకండి. యూటా స్త్రీలకు 1870లో వచ్చిన ఓటును 1887 చట్టం లాగేసుకుంది. స్త్రీలను ఉద్ధరించే పద్ధతి ఇదేనా? ఐడహోలో ఒక్క భార్య ఉన్నవాడికి కూడా, కేవలం మార్మన్ చర్చి సభ్యుడైనందుకు ఓటు లేకుండా చేస్తే, 1890లో సుప్రీంకోర్టు దాన్ని సరేనంది. నమ్మకం జోలికి రామన్న కోర్టే ఇది.

శరద్రేఖ:
ఐడహో విషయంలో మీదే నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే చర్చి అధ్యక్షుడు వుడ్రఫ్ ఇక అలాంటి పెళ్లిళ్లు వద్దని ప్రకటించింది కూడా 1890లోనే, అదీ ఆ ఒత్తిడి వల్లనే. మీకు ప్రభుత్వమంటే భయం, నాకు ఇంటి పెద్దలంటే భయం. ఇంతసేపూ వెయిట్‌ను అడ్డం పెట్టుకుని మనం పోట్లాడుకుంటున్నది దీని గురించే.

కృష్ణాతీరం:
కావచ్చు. కానీ ఎనిమిదో తరగతి తర్వాత ఆమిష్ అనే క్రైస్తవ శాఖ పిల్లలను బడికి పంపనక్కర్లేదని 1972లో అదే కోర్టు వారి మతాన్ని మన్నించింది. మతకర్మలో ప్యోటీ అనే మత్తు మొక్కను సేవించి ఉద్యోగం పోగొట్టుకున్నవారి కేసులో 1990లో మళ్లీ రెనాల్డ్స్ తీర్పునే ముందుకు తెచ్చింది. ఎవరి ఆచారం ముద్దో ఆ కోర్టే నిర్ణయిస్తుందన్నమాట.

శరద్రేఖ:
ఆ ఆమిష్ కేసులో పిల్లలను కూడా అడగాలి కదా అని జస్టిస్ డగ్లస్ విడిగా రాశారు. నేను అడుగుతున్నదీ అదే.